ఏడో మంచం కాగితం

పేషెంటును కట్టే ముందు డాక్టరు చేత ఆర్డరు రాయించుకోవాలి. ఎందుకు కట్టాల్సి వచ్చిందో రాయాలి. లాగితే ఊడిపోయే ముడే వేయాలి. పదిహేను నిమిషాలకోసారి వేళ్ళ రంగు చూడాలి. రెండు గంటలకోసారి కట్లు విప్పి, పెదాలు తడిపి, చేతులు కదిలించాలి. పేషెంటు ఏం మాట్లాడుతున్నదీ, మనుషుల్ని గుర్తుపడుతున్నదీ లేనిదీ రాయాలి. బంధువుకు తెలియజేసి, వాళ్ళ పేరు, వరస నమోదు చేయాలి. సొంతవాళ్ళు చేరిన వార్డులో సిబ్బంది డ్యూటీ చేయకూడదు. విప్పిన సమయం వేసి సంతకం పెట్టాలి.

ఈ తొమ్మిదింటినీ అట్టకు అంటించి, గుంటూరులోని ఆ ఆసుపత్రిలో ప్రతి వార్డులోనూ వేలాడదీయించింది నసీమున్నీసా మేడమ్. నిబంధనలు, రికార్డులు ఆవిడ బాధ్యత. ఖాళీ గడి కనబడితే మేడమ్‌కు అన్నం సయించదని వార్డులో చెప్పుకుంటారు.

ఆ రోజు పదకొండింటికి తనిఖీ బృందం వస్తోంది. పదింటికి ఆవిడ ఏడో మంచం కాగితం తెచ్చి స్టాఫ్ నర్సు శ్రీజ ముందు పెట్టింది.

"అన్నీ ముత్యాల్లా నింపావు. ఒక్క గడి వదిలేశావు. బంధువు పేరు."

శ్రీజ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

ఏడో మంచం అంటే రాజ్యం. మిరప కోతల కోసం పొదిలి వైపు నుంచి ముఠాతో వచ్చిన కూలి. నెల కిందట, ఎండకు నాలుక పిడచకట్టి, పురుగుమందు కలిపిన డ్రమ్ములో చెంబు ముంచి తాగేసింది. ముఠా మేస్త్రి చెంచయ్య ఆటోలో తెచ్చి చేర్చాడు. పేరు రాయించి, మిగతా కూలీలు చేలోనే ఉన్నారంటూ వెళ్ళిపోయాడు. విరుగుడుగా ఇచ్చిన ఇంజెక్షన్లకు ఆమె మతి చెదిరింది. ముక్కులో గొట్టం పీకేసుకోబోయింది. డాక్టరు రామకాంత్ చేతులు కట్టమని ఆర్డరు రాసి, ఆమె తాలూకు ఎవరున్నారని అడిగాడు.

"నేనున్నాను సార్," అంది శ్రీజ.

మెత్తని గుడ్డతో ఆ రెండు చేతులనూ మంచానికి కట్టింది ఆమే. మూడు రోజులు ఇంకొకర్ని ఆ మంచం దగ్గరికి రానివ్వలేదు. డ్యూటీ దిగాక కూడా కదల్లేదు. కొత్త పిల్ల, పర్మినెంటు కోసం కష్టపడుతోంది అనుకున్నారు అందరూ.

కట్టినా ఆ చేతులు ఊరుకోలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాల్లో ఏదో తుంచుతూనే ఉన్నాయి. తొడిమతో సహా కాయ కోసే తీరు. అది చూసి వార్డు అటెండరు రంజాన్ మొదటిరోజు నవ్వాడు. రెండోరోజు అటు చూడటం మానేశాడు. ఇప్పటికీ ఆ మంచం దుప్పటి మారుస్తుంటే తొడిమ తెగిన చప్పుడు చెవిలో పడుతోందనీ, తనను పై అంతస్తుకు మార్చమనీ రోజూ అడుగుతున్నాడు.

"శ్రీజా, నా మాట విను," అంది మేడమ్. "ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా మనిషిని కట్టేశారంటారు. ముందు అడిగేది కట్టినవాళ్ళనే. నీకింకా పర్మినెంటు కాలేదు. ఇంటికి పంపేస్తారు. ఆ మేస్త్రి పేరు రాసి, వరస దగ్గర బాబాయని పెట్టు. ఎవరొచ్చి అడుగుతారు?"

"ఆయన బాబాయి కాదు మేడమ్."

"నాకు మాత్రం తెలియదా?"

ఆవిడ వేలు గడుల మీదుగా కిందికి జారింది. పేషెంటు మాటలు రాసే చోట ఒకే వాక్యం. *నువ్వు గట్టు మీద కూర్చో. నీ సాలు కూడా నేనే కోస్తా.* సాలు అంటే ఒక్కో కూలి వంతుకొచ్చే మిరప వరుస. తోటి కూలితో మాట్లాడుతున్నాననుకుంటోందని డాక్టరు అప్పట్లోనే తేల్చేశాడు.

"ఇదే మాట పదిహేడుసార్లు రాయాలా?"

"పదిహేడుసార్లు అంది మేడమ్."

మనుషుల్ని గుర్తుపడుతోందా అన్న చోట అన్నీ 'లేదు'లే. చివరి వరుసలో, సాయంత్రం నాలుగూ ఇరవైకి మాత్రం 'గుర్తుపట్టింది' అని ఉంది. కట్లు విప్పిన సమయమూ అదే. ప్రాణం పోయింది నాలుగున్నరకు.

"ఎవర్ని గుర్తుపట్టింది? పక్కన నువ్వు తప్ప ఎవరూ లేరుగా."

"కట్లు విప్పాక చేతులు ఆగిపోయాయి మేడమ్," అంది శ్రీజ, కిటికీ వైపు చూస్తూ.

మేడమ్ విసుక్కుంది. రాజ్యం పోయిన మర్నాడే శ్రీజ పదకొండు రోజులు సెలవు పెట్టి వెళ్ళిపోతే ఈ ఫైలు తన మెడకు చుట్టుకుందని సణిగింది. ఇంతలో రంజాన్ వచ్చి, బృందం కారు గేటు దగ్గరికి వచ్చేసిందని చెప్పాడు. ఆవిడ పెన్ను తీసి కాగితం మీద పెట్టింది.

"ఏదో ఒక పేరు రాసి కిందికి పంపు. ఖాళీ మాత్రం ఉండకూడదు."

ఇద్దరూ వెళ్ళిపోయారు.

శ్రీజ తలెత్తి గోడ మీది అట్టను చదివింది. సొంతవాళ్ళ గురించిన ఎనిమిదో వాక్యం దగ్గర కాసేపు ఆగింది. ఒడిలో ఏదో కదిలినట్టయి కిందికి చూసుకుంది. తన బొటనవేలూ చూపుడువేలూ గాల్లో ఏదో తుంచుతున్నాయి.

ఆ వేళ్ళ మధ్యకే పెన్ను తీసుకుంది.

గడి చాలక మార్జిన్ దాకా రాసింది: "ఈమెను ఏడో మంచమని కాదు, రాజ్యమని గుర్తుపెట్టుకోండి, ఇట్లు శ్రీజ, కూతురు."