ఆగమన్నచోట ఆగే ఇంజను

విస్తరి వేసి చాలాసేపయింది. హరి రాలేదు.

రంగూన్‌లో చిమిండైంగ్ స్టేషను వెనక రైల్వే క్వార్టరు పెరడు అది. విస్తట్లో అన్నం చల్లారిపోయింది. పక్కన గాజుగ్లాసులో పాల టీ మీద మీగడ కట్టింది. హరికి టీకొట్టు టీ అంటే ప్రాణం. అందుకని తల్లి రాజ్యం, వీధి మొదట్లో కాపలా ఉన్న సైనికుల్ని దాటుకుని వెళ్ళి మరీ పట్టుకొచ్చింది.

పెరట్లో ఉన్నది నలుగురే. అంతకన్నా ఎక్కువమంది ఒకచోట చేరితే పట్టుకుపోతున్నారు. తండ్రి దండాసి తడిపంచెతో నిలబడి ఉన్నాడు. రంగూన్ ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలుకి డ్రైవరతను. ఇవాళ్టి వరకే సెలవు. రేపు పొద్దున్న డ్యూటీ ఎక్కాలి. అతని పక్కన హరి స్నేహితుడు కోటిబాబు. ఆ పక్కన పొరుగుపేట అహ్లోన్ నుంచి వచ్చిన పెద్దాయన, కూర్మనాథం గారు.

"మనం ఎదురుగుంటే రాడు. కాస్త ఎడంగా జరగండి," అన్నారు కూర్మనాథం గారు.

నలుగురూ గోడవారకి జరిగారు. నలుగురి చూపూ రేకుల కప్పు మీదే ఉంది.

"దిగి రా నాయినా," అంది రాజ్యం. ఏడుపు కూడా లేదు ఆ గొంతులో. ఎప్పుడో అయిపోయింది.

రేకుల మీద ఎండ తప్ప ఏమీ కదల్లేదు. నెలరోజులుగా కాల్పుల మోతకి ఆ వీధిలో పిట్ట చప్పుడు కూడా లేదు. ఫోన్లలో ఇంటర్నెట్ లేదు. మధ్యాహ్నం దాటితే వీధి చివర ముళ్ళకంచె అడ్డం పెట్టేస్తారు, కూర్మనాథం గారు ఇంటికి వెళ్ళలేరు. హరి తినందే రాజ్యం మెతుకు ముట్టనని కూర్చుంది.

"ఏటో మనసులో పెట్టుకున్నాడు. అదేటో చూడండి," అన్నారాయన.

కోటిబాబుకి వెంటనే తట్టింది. లోపలికి పరిగెత్తి మూడు బొమ్మ ఇంజన్లు చొక్కా ఒడిలో వేసుకొచ్చాడు.

అటక మీద హరి ఒక రైలు ప్రపంచమే కట్టుకున్నాడు. ఒకటి జర్మనీ ఇంజను, ఒకటి జపానుది, ఒకటి చైనాది. ఎవరి తయారీ గొప్పదని ఇద్దరు స్నేహితులూ నెలల తరబడి కొట్టుకున్నారు. జర్మనీది బరువైనది. ఇత్తడి పళ్ళచక్రాలు. ఎన్ని పెట్టెలు తగిలించినా లాగుతుంది, కానీ పట్టాల మీద కాస్త దుమ్ము పడితే మొరాయిస్తుంది. చైనాది చూడ్డానికి పెళ్ళికొడుకే. లోపలి ప్లాస్టిక్ చక్రం మాత్రం నెల తిరక్కుండా విరిగితే హరి అతికించుకున్నాడు. జపానుది చీమ నడిచినట్టు నడుస్తుంది. గంటలకొద్దీ తిప్పినా వేడెక్కదు. కోటిబాబు జర్మనీ పక్షం. హరి మొగ్గు జపాను వైపే అయినా తేల్చి చెప్పలేదు. ఇంకో పరీక్ష మిగిలి ఉంది, అది మా నాన్న ముందు పెడతానన్నాడు.

కోటిబాబు జర్మనీ ఇంజనుని విస్తరి పక్కన పెట్టి వెనక్కి వచ్చాడు.

"ఇదేనేటిరా?"

చప్పుడు లేదు. చైనాది పెట్టాడు. గాలికి విస్తరి అంచు కదిలింది, అంతే. చివరికి జపానుది పెట్టాడు.

"సరేరా, జపానుదే గొప్ప. నాను ఓడిపోయాను. ఇంక రా."

కోటిబాబు ఓటమి ఒప్పుకోవడం జన్మలో అదే మొదలు. అయినా హరి రాలేదు.

రాజ్యం మొగుడి వైపు తిరిగింది.

"ఇది ఇంజన్ల గొడవ కాదు మావా. ఆడు నిన్నేటడిగాడో సెప్పు."

దండాసికి ఆ అడిగిన మాట గుర్తొచ్చింది.

సైన్యం గద్దెనెక్కాక రైల్వేవాళ్ళు చాలామంది పని మానేశారు. దండాసి మానలేదు. మానినవాళ్ళ క్వార్టర్లు తుపాకులతో వచ్చి ఒక్కపూటలో ఖాళీ చేయించారు. ఈ క్వార్టరు పోతే పెళ్ళాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియదు. అప్పుడే ఒక పొద్దున్న హరి అతన్ని అటక మీదికి పిలిచి చివరి పరీక్ష పెట్టాడు. మూడు ఇంజన్లూ తిరుగుతుండగా ఎర్రదీపం వెలిగించి, కరెంటు ఆపాడు. జర్మనీది దీపాన్ని దాటుకుపోయింది. చైనాది కుదుపుకి పట్టా తప్పింది. జపానుది దీపం ముందు నెమ్మదిగా నిలబడింది.

"లాగడం ఏ ఇంజనైనా లాగుద్ది నాన్నా. ఆగమన్నకాడ ఆగేదే నమ్మకమైంది," అన్నాడు హరి. తర్వాత అడిగాడు, "మరి నువ్వెప్పుడు ఆగుతావు?"

"ఈ వయసులో బొమ్మలాటలేటిరా," అని దండాసి క్యారేజీ తీసుకుని నిచ్చెన దిగిపోయాడు.

ఆ పొద్దున్నే హరి సైన్యానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపుకి వెళ్ళాడు, దండాసి బండి తీయడానికి వెళ్ళాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

"పొద్దెక్కిపోతంది దండాసీ," అన్నారు కూర్మనాథం గారు.

దండాసి గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. రేకుల వైపు తలెత్తి రెండు చేతులూ జోడించాడు. కొడుక్కి తండ్రి దణ్ణం పెట్టడం చూడలేక కోటిబాబు మొహం తిప్పుకున్నాడు.

"హరీ, ఆగిపోతన్నానురా. రేపు బండి తియ్యను. ఎల్లుండీ తియ్యను. కోటరు పోతే పోనీ. మీ యమ్మ పస్తుంది, కోపం మాని రారా."

ఆ మాట పూర్తవుతూనే రేకుల మీద ఒక కాకి వాలి, కిందికి దిగి, పదోరోజు హరి పేరున పెట్టిన పిండాన్ని ముట్టింది.