ఒక్క గింజా బయటికి పోలేదు

మంట అంటుకోవడం లేదు.

అన్నీ పచ్చి మొక్కలు. వేళ్ళకు మట్టి, మట్టిలో లేత కాయలు. మునిరామయ్య మళ్ళీ డీజిల్ చల్లి అగ్గిపుల్ల గీశాడు. పొగ లేచింది గానీ మంట రాలేదు.

"పచ్చని చేనుకు నిప్పు పెట్టమంటే అది మాత్రం యాడ అంటుకుంటుంది మేడం?" అన్నాడు.

శాస్త్రవేత్త రంగప్రియ ఇంకో మొక్క పీకి కుప్ప మీద వేసింది. ఆ విత్తనం ఆమె చేసిందే. తిరుపతి ల్యాబులో ఏళ్ళ తరబడి కూర్చుని చేసింది.

పాకాల పక్కనున్న ఆ ఊళ్ళో వేరుశనగకు వైరస్ తెగులు పట్టింది. ముందు మొవ్వు నల్లబడుతుంది. తర్వాత మొక్క మాడిపోతుంది. మునిరామయ్యకు వరసగా రెండు పంటలు పోయాయి. ఇంకొకటి పోతే సేద్యం మానేసి, తిరుచానూరు లాడ్జిలో వాచ్‌మన్‌గా చేరడమేనని తేల్చుకున్నాడు.

అప్పుడొచ్చింది రంగప్రియ. ఆ వైరస్‌ను తట్టుకునే జన్యువు ఎక్కించిన విత్తనం తెచ్చానని, ప్రయోగానికి కాస్త నేల కావాలని అడిగింది. పంట గట్టెక్కితే విత్తనం ముందుగా మీలాంటి చిన్న రైతులకేనంది. చేను చుట్టూ కంచె వేయించింది.

"ఇంకా అనుమతి రాని పంట ఇది. ఒక్క గింజ బయటికి పోయినా అంతా రద్దయిపోతుంది."

ఆ మాట మునిరామయ్య కంటే ఆయన భార్య శకుంతలమ్మ గట్టిగా పట్టుకుంది. విత్తింది ఆమే. కాపలా ఆమే. కలుపు తీయడానికొచ్చిన ఆడవాళ్ళచేత కంచె దగ్గర కొంగులు దులిపించి మరీ పంపేది.

పక్క చేను ఢిల్లీబాబు కంచె పట్టుకుని బతిమాలేవాడు.

"వదినా, ఒక్క పిడికెడు ఈయరాదా? నీ పేరు సెప్పుకుని బతుకుతా."

"నీ పిడికెడు నాకు తెలీదా! ఒక్క కాయని సెప్పి మా సింతసెట్టంతా దులుపుకోని పోతివి. పోప్పా, పో."

విత్తిన వెంటనే వాన పట్టుకుంది. దారి కోసుకుపోయి రంగప్రియ కొన్నాళ్ళు రాలేకపోయింది. వచ్చి చూస్తే సాళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. మురిసిపోయి ఫోటోలు తీసుకుంది.

"ఇంత బాగా మొలుస్తుందని నేనే అనుకోలేదు పెద్దమ్మా."

శకుంతలమ్మ మొహం వెలిగింది.

పూత నాటికి తెగులు ఊరి మీద పడింది. ఢిల్లీబాబు చేను మాడింది. అటు పక్క చేలూ మాడాయి. కంచె లోపల మాత్రం పచ్చగా ఉంది. ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. మునిరామయ్య లాడ్జి మాట ఎత్తడం మానేశాడు.

ఒక పొద్దున కంచె లోపల కూడా ఒక మొవ్వు నల్లబడింది.

తర్వాత ఈడొకటి, ఆడొకటి. పచ్చని మొక్కను ఆనుకునే మాడిన మొక్క. రంగప్రియ ఆకులు కోసుకుపోయి పరీక్ష చేయించింది. ఫలితం చూసి పైనుంచి పరిశీలన బృందం వచ్చింది. ఒక పూట చేనంతా తిరిగి, పీకి కాల్చేయమని చెప్పి పోయింది.

ఎట్టకేలకు మంట అందుకుంది. పచ్చి కాయలు చిటపటమన్నాయి.

"పచ్చగుండేటివే ఎక్కువ ఉండాయి గదమ్మా," అన్నాడు మునిరామయ్య. "అవన్నా పెట్టుకోకూడదా?"

"నమ్మలేం పెద్దాయనా. మాడిన మొక్కల్లో మేం ఎక్కించిన జన్యువు ఆనవాలే లేదు. కొన్నింటిలో నిలిచి, కొన్నింటిలో జారిపోయింది. అట్లాంటి విత్తనం రైతు చేతికి ఇవ్వకూడదన్నారు. ల్యాబులో మిగిలింది కూడా రేపు కాల్చేస్తున్నాం."

కళ్ళు తుడుచుకుంది. పొగకు కాదు.

"మీరు కన్నబిడ్డలా సాకారు పెద్దమ్మా. లోపం నా విత్తనంలోనే ఉంది."

జీపెక్కి వెళ్ళిపోయింది. ఢిల్లీబాబు అటు గట్టు మీద తలకు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి ఏమీ అడగలేదు.

మునిరామయ్య మంటను కట్టెతో ఎగదోశాడు.

"రేపు తిరుచానూరుకు పోయి ఆ లాడ్జి మేనేజర్ని అడిగొస్తా," అన్నాడు. పెళ్ళాం వైపు తిరిగి, "ఏమే, మనం యాడన్నా తప్పు చేసినామా?" అన్నాడు.

శకుంతలమ్మకు రోషం పొడుచుకొచ్చింది.

"ఏం తప్పయ్యా? ఒక్క గింజన్నా బయటికి పోనిచ్చినానా? ఆ వానకు సాళ్ళల్లో సందులు పడితే, విత్తినదాని సెయ్యి మంచిది కాదని ఊరోళ్ళు నవ్వుతారని, మొలక రాని తావులన్నిట్లో మన ఇంటి గింజలు తెచ్చి నాటింది గూడా నేనే గదా!"