మహారాణి సోఫా దిగింది

సోఫాల షాపాయన చేతిలో దులిపే బ్రష్షుంది. బ్రష్షు నిండా తెల్ల వెంట్రుకలున్నాయి. పొద్దుట్నుంచి షాపులో ఆయన సంపాదించింది అదొక్కటే.

"మళ్ళీ ఎక్కిందా మహారాణి?" లోపల మిషను మీద దిండు గలీబు కుడుతున్న భార్య నవ్వింది.

"ఎక్కడమేంటి, గోధుమరంగు సోఫాలో వెల్లకిలా పడుకుని గుర్రు పెట్టింది. వాళ్ళ తాత కొనిచ్చినట్టు!"

పిల్లిని వెళ్ళగొడదామంటే వీల్లేదు. అది లేకపోతే ఎలకలు సోఫాల్లో స్పాంజి కొరికేస్తాయి. ఉంచుకుందామంటే, అద్దాల ముందు పెట్టిన మంచి సరుకంతా దానికి పరుపే. పిల్లి ఉండాలి, సోఫా ఎక్కకూడదు. ఆయన లెక్క అంత సూటిగా ఉంది. పిల్లికే లెక్కలు రావు.

పైగా వీధి చివర కొత్త సోఫాల షాపు వెలిసినప్పటినుంచీ ఆయనకి ప్రతి బేరమూ ప్రాణంతో సమానమైపోయింది. పోటీ షాపు గడప తొక్కకూడదన్నది ఆయన నియమం. తొక్కితే భయపడ్డట్టు లెక్క. అందుకే అటువైపు తలెత్తి కూడా చూసేవాడు కాదు.

అంతలో కళ్ళజోడు పెద్దమ్మ వచ్చింది. ఈమధ్య తరచూ వచ్చి, ప్రతి సోఫాలోనూ కూర్చుని, స్ప్రింగులు నొక్కి చూసి వెళ్ళే మనిషి.

"ఇదే తీసుకుందామనుకున్నా నాయనా," అంది గోధుమరంగు సోఫా చూపించి. "తీరా ఈ బొచ్చేమిటి? మా కోడలికి పిల్లి గాలి సోకితే చాలు, తుమ్ములే తుమ్ములు."

"ఇప్పుడే దులిపేస్తానమ్మా!"

"ఎన్నిసార్లని దులుపుతావు? అది ఎక్కడం మానాలి. మానిందని చెప్పు, సెట్టు మొత్తం తీసుకుంటా. మా అబ్బాయి కొత్త హాలుకి కావాలి."

సెట్టు మొత్తం! ఆయన బ్రష్షు పక్కన పడేశాడు.

"ఎలా మాన్పించాలో తెలీక చస్తున్నానమ్మా. కేకలేశాను. చీపురు విసిరాను."

"కేకలేస్తే నువ్వున్నంతసేపే దిగుతుంది. నువ్వటు తిరగ్గానే ఎక్కుతుంది. వద్దని నువ్వు కాదు, సోఫాయే చెప్పాలి దానికి. అంచుల వెంట రెండువైపులా అంటుకునే టేపు వెయ్యి. పాదానికి జిగురు తగిలితే పిల్లికి ఒళ్ళు మండిపోతుంది."

వేశాడు. మహారాణి ఎక్కింది, కాలు విదిలించింది, ఆయన వైపు తిట్టినట్టే చూసింది. దిగి, తిన్నగా వెళ్ళి పక్కనున్న వాలుకుర్చీ ఎక్కింది. ఆ సాయంత్రం బేరానికొచ్చిన ఓ లావుపాటాయన సోఫాలోంచి లేవబోతే, సోఫా కూడా ఆయనతోపాటు కొంచెం లేచింది.

పెద్దమ్మ మళ్ళీ వచ్చి విషయం విని తలాడించింది. "కుర్చీల్లో వంటింటి అల్యూమినియం కాగితం పరువు. ఆ గరగర దానికి పడదు. వెనకాల కమలా తొక్కలు పెట్టు. వాసనకే పారిపోతుంది."

కాగితం పరుస్తుంటే భార్య నడుం మీద చేతులేసుకుని చూసింది. "ఏమండీ, సోఫాలమ్ముతున్నట్టు లేదు, పొట్లాలు కడుతున్నట్టుంది."

"సెట్టు మొత్తమే! ఆ కొస పట్టుకో."

"పాపం, దాన్ని చూడ్డానికే పిల్లలు అద్దం దగ్గర ఆగుతున్నారండీ. వాళ్ళకోసం పెద్దాళ్ళు ఆగుతున్నారు."

"పిల్లిని చూసేవాళ్ళు పిల్లినే చూస్తారు. సోఫా కొనరు. గట్టిగా లాగు."

మహారాణికి కూర్చునే చోటల్లా జిగురో, చప్పుడో, కంపో అయింది. కాసేపు నేలమీద కూలబడి ఆలోచించుకుంది. తర్వాత వెనక కిటికీలోంచి దూకి, తోక నిటారుగా పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆయన టేపులు పీకేసి, కాగితాలు తీసేసి, షాపంతా తళతళలాడించి పెద్దమ్మ కోసం ఎదురు చూశాడు. పెద్దమ్మ రాలేదు. పెద్దమ్మే కాదు, ఎవరూ రాలేదు. అద్దం మీద పిల్లల ముక్కుల గుర్తులు కూడా లేవు. వచ్చినవి ఎలకలు. గోధుమరంగు సోఫాకి కిందినుంచి కన్నం పెట్టాయి.

ఓ రోజు భార్య బజారునుంచి ఆయాసపడుతూ వచ్చింది. "మన మహారాణి ఎక్కడుందో తెలుసా? వీధి చివర షాపులో! అద్దాల ముందు సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని! బయట పిల్లల గుంపు, లోపల జనం గుంపు. 'పిల్లి మెచ్చిన సోఫాలు' అని బోర్డు కూడా పెట్టారండీ!"

ఆయన కూలబడి లెక్క చూసుకున్నాడు. చేతికి మిగిలింది వెంట్రుక లేని సోఫాలు, జిగురు మరకలు, బుట్టెడు ఎండు కమలా తొక్కలు. చెయ్యి జారింది పిల్లి, దాని వెనక పిల్లలు, వాళ్ళ వెనక పెద్దలు.

"వెళ్ళి అడిగి తెచ్చుకోండి," అంది భార్య.

"పోటీ షాపు గడప తొక్కనా?"

"మన గడప ఎలకలు తప్ప ఎవరూ తొక్కట్లేదు. లేవండి ముందు!"

లేచాడు. దారిపొడుగునా ధైర్యం చెప్పుకున్నాడు. పెద్దమ్మ సెట్టు బేరం ఇంకా ఉండనే ఉంది. పిల్లి తిరిగొచ్చినట్టు ఆవిడకి తెలియకుండా, ఆవిడ వచ్చినప్పుడల్లా లోపలి గదిలో పెట్టి గడియ వేస్తే సరిపోతుంది. అలా చూస్తే తను పోగొట్టుకున్నదేమీ లేదు.

జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళాడు. "పిల్లి సంగతైతే ఓనరమ్మగారిని అడగండి," అన్నాడు పనివాడు పక్కకి తప్పుకుంటూ.

గల్లాపెట్టె వెనక కళ్ళజోడు పెద్దమ్మ కూర్చుని ఉంది.