ఉన్ని ముడి

గొర్రె ఒంటి మీది ఉన్ని మొత్తం ఒకే దుప్పటిలా ఊడి వచ్చింది. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు.

ముందు బల్ల మీది ముసలాయన మాత్రం చెయ్యి చాపాడు.

“ఒక గుప్పెడు ఇటివ్వమ్మా.”

నల్ల కళ్ళద్దాలు, ఒళ్ళో తెల్ల కర్ర. చూపు లేదు. ఆక్లండ్ నుంచి టూరిస్టు బస్సులో వచ్చిన పదకొండు మందిలో ఆయనొకడు. వాళ్ళను తిప్పి చూపించే తుయీ గుప్పెడు ఉన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని మోకాలి మీద వేసి దారంలా పేనసాగాడు.

“స్వెట్టర్ అల్లుతారేంటి పెద్దాయనా?” పక్కనున్న కోలిన్ నవ్వాడు. “ఇక్కణ్ణుంచి మిణుగురుల గుహకట. మీ దగ్గర సగం టికెట్టే తీసుకోవాల్సింది!”

“రెండు కళ్ళకీ తీసుకున్నారయ్యా.”

అందరూ నవ్వారు. ముసలాయన తల పైకెత్తాడు.

“కుక్కలెందుకు మూలుగుతున్నాయి?”

తుయీ బయటికి చూసింది. కంచె దగ్గర కుక్కలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. వాగు పక్కన మేసే మంద గడ్డి వదిలేసి, బారు తీరి గుట్టెక్కుతోంది. ఇక్కడ ఎండ. కొండల అవతల మాత్రం నల్లగా ఉంది.

“అక్కడెక్కడో వాన పడితే నీకేంటి?” అన్నాడు పొలం యజమాని బ్రెంట్. “ఆ నీళ్ళు ఇక్కడికి రావడానికి మూడు గంటలు పడుతుంది. ఒక ట్రిప్పు కొట్టేసి రా. పోయిన వారంలా భయపడి బస్సు తిప్పి పంపావంటే, ఈసారి నువ్వూ అదే బస్సెక్కు.”

తుయీ పనిలో చేరి నెల కాలేదు. అందర్నీ గుహ వైపు నడిపించింది.

గుహ ఆ పొలం కిందే. వాగు దాని గుండానే పారుతుంది. లోపల దీపం వెయ్యరు, మాట్లాడనివ్వరు. తల మీదుగా కట్టిన తాడు పట్టుకుని, నిలబడి పడవను లాగాలి. తాడుకు ఉన్నితో వేసిన ముళ్ళున్నాయి. మొదటి మలుపులో ఒకటి, రెండో మలుపులో రెండు, కప్పు బాగా కిందికి దిగిన ఇరుకు దగ్గర మూడు. చీకట్లో లాగేవాళ్ళకు అవే కళ్ళు. ఎప్పుడో ఎవరో కట్టారు. ఆ మెలిక ఇప్పుడెవరికీ రాదు. తాడు మార్చినా ఆ ముళ్ళనే పూసల్లా తీసి కొత్తదానికి ఎక్కిస్తారు.

పడవ ఇరుకు దాటగానే కప్పంతా నీలి చుక్కలు. అందరూ నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

ముసలాయన చెయ్యెత్తి తాడు పట్టుకున్నాడు.

“చెయ్యి దించు తాతా,” గుసగుసగా అంది తుయీ.

“బళ్ళో లాగా ఒంటేలుకి అడుగుతున్నాడేమో!” కోలిన్ గొంతు.

“అమ్మాయ్, ఎక్కినప్పుడు చెయ్యి నిటారుగా చాస్తే గానీ తాడు అందలేదు. ఇప్పుడు మోచెయ్యి వంగుతోంది.”

తుయీ తడుముకుంది. తల మీద ఉండాల్సిన తాడు మెడ దగ్గరుంది.

తాడు దిగదు. పడవే లేస్తోంది.

“మూడు గంటలన్నాడు బ్రెంట్...”

“నీళ్ళతో చెప్పాడా? తిప్పు.”

తిప్పింది. వెనక ఎక్కడో బండలు దొర్లుతున్న చప్పుడు. ఇరుకు చేరేసరికి పడవ అంచుకూ కప్పుకూ మధ్య జానెడు సందు. అందరూ వెల్లకిలా పడుకున్నారు. ప్రవాహం పడవను అడ్డం తిప్పుతోంది. ఎవరో ఒకరు పక్కనున్న రాతి గట్టు మీద నిలబడి, తిన్నగా పట్టి తొయ్యాలి.

తుయీ లేవబోయింది. అప్పటికే ముసలాయన గట్టు మీద ఉన్నాడు.

“నువ్వు పడుకుని తాడు లాగు.”

“నీకు కనబడదు తాతా!”

“ఇక్కడ నీకు కనబడుతోందా?”

తోశాడు. కప్పు పడవ అంచుల్ని గీసింది. ఎవరో ఏడ్చారు. రెండు మలుపులూ దాటాక ఎండ కళ్ళల్లో పడింది.

పది మంది దిగారు.

తుయీ పడవ వెనక్కి తిప్పి మళ్ళీ లోపలికి లాగింది. ఇరుకు లేదు. అక్కడంతా నీళ్ళే.

ఒడ్డున కోలిన్ తెల్ల కర్ర రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

నాలుగు రోజులకు నీళ్ళు తగ్గాయి. వెతికేవాళ్ళతో పాటు బ్రెంట్ కూడా తల దించుకుని పడవెక్కాడు.

గట్టు మీద ఎవరూ లేరు.

తుయీ అలవాటుగా తాడు తడిమింది. ఒకటి, రెండు, మూడు. ఏళ్ళ తడికి నలుపెక్కి రాయిలా బిగిసిన ముళ్ళు.

చెయ్యి ఆగింది. వాటి పక్కనే నాలుగోది ఒకటి ఉంది. మెత్తగా.

దీపం ఎత్తింది.

తెల్లటి కొత్త ఉన్ని. కట్టిన తీరు మాత్రం, ఇప్పుడెవరికీ రాని ఆ పాత మెలికే.