అద్దె జింకలు

చెరువు తాబేళ్ల బంతాట జట్టు పదేళ్లుగా ఒక్క గోలూ వేయలేదు. ఓడిన ప్రతిసారీ, జట్టుకు పెద్దరికం చేసే నక్క శిక్షకుణ్ణి తరిమేసేది. చివరికి ముంగిస వచ్చి మూడేళ్ల గడువు అడిగింది. నక్క సరేనంది.

మొదటి ఏడు ముంగిస బంతే ముట్టనివ్వలేదు. ఆటలో వెల్లకిలా పడ్డ తాబేలును పక్క తాబేలు లేపడం మాత్రమే నేర్పింది. ఆ ఏటి పోటీలో తొమ్మిది గోల్స్ తేడాతో ఓడారు. రెండో ఏటి పోటీలో మూడు గోల్స్ తిని, ఒకటి వేశారు. చెరువంతా సంబరంతో ఊగిపోయింది.

"ఓటమి ఓటమే," అంది నక్క. "కొండ జింకల్ని అద్దెకు తెస్తున్నా. నువ్వు బయల్దేరు."

"ఇంకో ఏడు మిగిలుంది కదా, మాటిచ్చావుగా నక్కబావా?" అంది ముంగిస.

"మాటదేముందే, ఎన్నయినా ఇస్తాం."

తాబేళ్ల నాయకురాలు ముందుకొచ్చింది. "జింకలు గెలిస్తే గెలిచేది జింకలు. మేం కాదు. ఈ మైదానం ఆడేవాళ్లది, ముంగిసక్క ఎక్కడికీ పోదు!"

తెల్లారి జింకలు వచ్చేసరికి మైదానం నిండా తాబేళ్లు సాధన చేస్తున్నాయి. ముంగిస మధ్యలో నిలబడి అరుస్తోంది.

"మేమెక్కడ ఆడాలి?" అని అడిగాయి జింకలు.

"అవతలి వైపు నిలబడండి," అంది నాయకురాలు. "ఓడించడానికి మాకూ ఎవరో ఒకరు కావాలి."