మూడో సంతకం

“సంతకాలు తిన్నాక. ఖాళీ కడుపుతో ఇంకొకరి పడవ మీద తీర్పు చెప్పకూడదు,” అంటూ మెర్ల్, కోలిన్ చేతి కింది నుంచి కాగితం లాగేసి, దాని మీద వెన్నగిన్నె పెట్టింది.

కాగితంలో ఉన్నది ఒక్క వాక్యమే. డెబ్బై ఆరేళ్ళ మెర్ల్ ఇక ఒంటరిగా పడవ నడపలేదని తోటి పడవలవాళ్ళం అనుకుంటున్నాం. కింద మూడు గీతలు. మూడూ నిండితే తన పడవ కర్లూని అమ్మేసి బ్రిస్బేన్ వచ్చేస్తానని ఆమె కొడుకు రస్సెల్‌కి మాటిచ్చింది. కొనేవాడిని వెంటబెట్టుకుని అతను రేపే వస్తున్నాడు.

మూడో గీత బ్రియోనీది. కిందటేడు తను ఇసుకమేటలకి తగులుకుంటూ పడవలో ఒంటరిగా ఈ జలసంధిలోకి వచ్చినప్పుడు, తువ్వాలులో చుట్టిన వేడి రొట్టెతో ఎదురొచ్చింది మెర్లే. ఇవాళ ఆమె పెట్టిన గుమ్మడికాయ స్కోను రొట్టె తింటూ ఆమెకే ఎసరు పెట్టాలి.

అప్పుడే వాన వెలిసింది. వాన వెలిస్తే మడ అడవి నుంచి ఇసుక ఈగలు దండుగా వస్తాయి. అందుకని గుమ్మానికి పలకలు వేసి, దోమతెర దించి, అందరూ కర్లూ కింది గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. చేపలు మాత్రం పైన, పడవ వెనక కమ్మీకి తగిలించిన కుంపటి మీద కాలుతున్నాయి.

“నీ మంచికే చెబుతున్నాం మెర్ల్,” అన్నాడు కోలిన్. “లోకమంతా లంగరుకి గొలుసు వాడుతుంటే నువ్వింకా తాడు పట్టుకు వేలాడుతున్నావు.”

“గొలుసు గోల చేస్తుంది. నాకు నిద్ర చెడుతుంది.”

“నీ ఇంజను ఈస్టర్ నుంచి చచ్చి పడుంది.”

“దానికీ విశ్రాంతి కావాలిగా, నీలాగే.”

కోలిన్ భార్య నోరీన్ కిసుక్కున నవ్వి, మొగుడి మొహం చూసి ఆపేసింది. “అది కాదు మెర్ల్, నీ కంగారు సంగతేమిటి? పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చోలేవు కదా!”

“చేపలు మాడిపోవూ?” అంటూ మెర్ల్ లేచి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. “మీరు తిట్టుకోండి. పైకి అన్నీ వినిపిస్తాయి.”

వాళ్ళు నిజంగానే తిట్టుకున్నారు. ముందు మెర్ల్ మొండితనం మీద, తర్వాత రస్సెల్ తొందర మీద. ఆఖరికి కోలిన్ తన న్యూ కాలెడోనియా తుపాను కథ ఎత్తుకున్నాడు. ఆ కథ మొదలైతే పిడుగు పడినా ఎవరికీ వినబడదు. కిందటిసారి ఇంటెత్తు ఉన్న అలలు ఈసారి చర్చి గోపురమంత అయ్యాయి.

“వింటున్నాను, కానివ్వండి!” అని మెర్ల్ మధ్యమధ్య పైనుంచి కేకేసింది.

గుండ్రటి కిటికీలోంచి పడిన ఎండబిళ్ళ వెన్నగిన్నె మీద నుంచి జరిగి కోలిన్ గడ్డం ఎక్కింది. లంగరు మీద ఉన్న పడవ నీటి వాలుని బట్టి తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చాలాసేపటికి మెర్ల్ చేపల పళ్ళెంతో దిగింది. ఆమె ఏప్రాను నిండా బూడిదరంగు బురద.

“ఇదేమిటి ఆంటీ?” అంది బ్రియోనీ.

“ఈ చుట్టుపక్కల బురద అంటనిదేముంది? తిను, చల్లారిపోతుంది.” ఆమెకి కాస్త ఆయాసంగా ఉంది. అది చూసి కోలిన్ భార్య వైపు కనుబొమలు ఎగరేశాడు.

తిన్నంతసేపూ మెర్ల్ రెండుసార్లు లేచింది. ఒకసారి నిమ్మకాయలకి, ఒకసారి కుంపటి ఆర్పడానికి. ఆ ఆర్పడం గంటసేపు పట్టింది. ఆమె ఇంకా పైనుండగానే, టీ తాగుతూ కోలిన్ వెన్నగిన్నె పక్కకి జరిపి సంతకం పెట్టాడు. నోరీన్ కళ్ళు తుడుచుకుని పెట్టింది. కలం బ్రియోనీ ముందుకి వచ్చింది.

“నేను పెట్టను,” అంది బ్రియోనీ.

“రేపు ఆవిడకి ఏమైనా అయితే నీదేనా బాధ్యత?” అన్నాడు కోలిన్. “జాలికీ స్నేహానికీ తేడా తెలుసుకో అమ్మాయ్. తను పడవ నడపగా నువ్వెప్పుడు చూశావు?”

నిజమే, బ్రియోనీ చూడలేదు. కలం మీదికి చెయ్యి వెళ్ళి ఆగిపోయింది.

అప్పుడే మెర్ల్ చేతులు కడుక్కుని దిగింది. “పైకెళ్ళి కాస్త గాలి పీల్చుకురా. చూడకుండా దేని మీదా సంతకం పెట్టకు, నా మీదైనా సరే,” అంది.

బ్రియోనీ పలకలు తీసి పైకెక్కింది. లంగరు తాడు తడితడిగా, బిగిసి ఉంది. వాళ్ళొచ్చిన చిన్న పడవలు రెండూ కట్టినచోటే వెనక ఊగుతున్నాయి. పక్కనే లంగరు వేసి వచ్చిన తన పడవ కోసం కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. మడ అడవి ఉండాల్సిన చోట తెల్లటి ఇసుక గుట్ట, దాని మీద పెలికన్ కొంగల బారు.

“ఏమ్మాయ్, పెడుతున్నావా లేదా?” కింది నుంచి కోలిన్ అరిచాడు.

“కోలిన్, మన పడవలు కనబడటం లేదు.”

“మళ్ళీ వాన మూసిందేమో!”

“లేదు, ఎండ కాస్తోంది. అవి అక్కడే ఉండుంటాయి. మనమే అక్కడ లేం.”

కోలిన్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. మెర్ల్ ఆ కప్పు అందుకుని, తుడిచి, కొక్కేనికి తగిలించింది.

“సంతకం పెట్టినవాళ్ళకి తెడ్లు చిన్న పడవలో ఉన్నాయి, నాలుగు మైళ్ళే,” అంది. “పెట్టనిదాన్ని, ఆటు మీద ఇక్కడికి తెచ్చినట్టే, పోటు మొదలయ్యాక నేనే దింపుతాను.”