ఎడమకు పోయే బంతి

గోల్ఫులో జెండాకు దగ్గర నుంచి కొట్టే పొట్టి ఇనుపతల కర్ర, అదే ఐరన్, ఏది పట్టినా సరే, పళ్ళ డాక్టరు బంతి ఎడమవైపు పొదల్లోకే పోయేది. క్లబ్బులో అందరూ నవ్వుతున్నారని వాళ్ళావిడే బతిమాలి ఆయన్ని నా దగ్గరికి పంపింది.

పట్టు సరిచేశాను. నిలబడే తీరు మార్చాను. బంతి తన దారి మానలేదు. ఇన్నేళ్ళుగా గోల్ఫ్ నేర్పుతున్న నాకు ఒళ్ళు మండింది.

చివరికి ఐరన్‌ని నేలకానించి చూస్తే గుట్టు తెలిసింది. దాని తల ఒక కొస పైకి లేచి, బంతిని ఎడమకు నెడుతోంది.

"డాక్టరు గారూ, ఇవి మీకన్నా జానెడు పొడుగు మనిషి కొలతకు వంచినవండీ."

"మా అన్నయ్యవి" అన్నాడు నెమ్మదిగా.

వర్క్‌షాపులో వాటిని ఆయన ఎత్తుకు తగ్గట్టు వంచి తెచ్చిచ్చాను. తొలి బంతే గీత గీసినట్టు వెళ్ళి జెండా పక్కన వాలింది. నేను చప్పట్లు కొట్టాను. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"మళ్ళీ పాతలాగే వంచెయ్యండి."

"ఎందుకండీ?"

"నిరుడు నా బంతి వెతకడానికి అన్నయ్య ఆ పొదల్లోకి వెళ్ళాడు. అక్కడే గుండె ఆగిపోయింది. వట్టి మొండివాడు. బంతులు అటు పడుతున్నంతకాలం వెతుక్కుంటూ అక్కడే ఉంటాడు. పడకపోతే..."

"పడకపోతే?"

"నాకేమైందోనని ఇటొస్తాడు."

నవ్వబోయాను. ఆకు కదలని ఎండలో, ఎడమవైపు పొదలు మెల్లగా రెండుగా విడుతున్నాయి.

ఆయన చేతిలోంచి ఐరన్ లాక్కుని, ఇంకో బంతిని ఎడమకు నేనే కొట్టాను.